లోతు సముద్రపు చేపలు: కడపలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఆదివారాలు మేము నడిపే విజ్ఞానశాస్త్ర తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంకా సముద్రాన్ని కళ్లారా చూడలేదు. అయినా వాళ్లు పట్టుబట్టి అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం లోతు సముద్రపు చేపల గురించే ఉంటాయి. ఫోన్లలో తిరిగే చిన్న వీడియోలు వాళ్లలో ఆ ఆసక్తి రేపుతున్నాయి. వాటిలో కొన్ని నిజమైనవి, కొన్ని కంప్యూటర్లో తయారుచేసినవి. పిల్లలను తీసుకొని వచ్చే పెద్దలు కూడా వెనక బెంచీలో కూర్చొని అవే ప్రశ్నలు వేస్తుంటారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాము. చదవబోయే ముందు ఒక విన్నపం: ఈ చేపలను వికారపు జంతువులని తీసిపారేయకండి. మనకు వింతగా తోచే వాటి ప్రతి అవయవమూ చీకటినో, ఆకలినో, ఒత్తిడినో తట్టుకొని బతకడానికి కోట్ల సంవత్సరాలలో ఏర్పడినది.

లోతు సముద్రం అంటే ఎంత లోతు నుంచి లెక్క?

సాధారణంగా 200 మీటర్ల దిగువ ఉన్నదంతా లోతు సముద్రమే. అంతకు కింద నాచుకూ, నీటిలో తేలియాడే చిన్న జీవులైన ప్లవకాలకూ ఆహారం తయారుచేసుకొనేంత వెలుగు అందదు గనుక హద్దు అక్కడ పెట్టారు. మన వైపు కొలతల్లో చెప్పాలంటే, గండికోట దగ్గర పెన్న కోసిన లోయ లోతు సుమారు 300 అడుగులు, అంటే 90 మీటర్ల పైచిలుకు. అలాంటి లోయలు రెండు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఆ హద్దుకు ఇంకాస్త తక్కువే అవుతుంది. శ్రీశైలం ఆనకట్ట పునాది నుంచి పైదాకా 145 మీటర్లు. ప్రపంచ సముద్రాల సగటు లోతు మాత్రం దాదాపు 3,700 మీటర్లు. 200 నుంచి 1,000 మీటర్ల వరకు సందెచీకటి లాంటి మసక నీలం ఉంటుంది, 1,000 మీటర్ల తరువాత సూర్యకాంతి అన్న మాటే లేదు, 6,000 మీటర్ల దిగువన ఇరుకైన కందకాలు మాత్రమే మిగులుతాయి. వాటన్నిటిలోకి లోతైన మరియానా కందకం 10,900 మీటర్లు దాటుతుంది. నీటి వేడి కూడా దిగేకొద్దీ తగ్గి, అట్టడుగున చాలాచోట్ల 1 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉంటుంది.

అంత బరువైన నీటి కింద చేప ఎందుకు నలిగిపోదు?

మాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే, అందుకే జవాబు కొంచెం పొడవుగా ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 8,000 మీటర్ల దగ్గర అది సుమారు 800 రెట్లు. బొటనవేలి గోరంత చోటు మీద ఎనిమిది క్వింటాళ్లకు పైగా బరువు మోపినట్లు.

తరగతిలో దీన్ని సూది లేని సిరంజితో చూపిస్తాము. సిరంజిలోకి గాలి లాగి, కొనను వేలితో మూసి, వెనకనుంచి నొక్కితే గాలి సగానికి పైగా కుదించుకుపోతుంది. అదే సిరంజిలో బుడగ లేకుండా నీళ్లు నింపి ఎంత బలంగా నొక్కినా పిడి కదలదు, నొక్కినవారి బొటనవేలే ఎర్రబడుతుంది. చేప శరీరంలో అధిక భాగం నీరే. నలిగేది గాలి ఉన్న జాగా, అంటే మన ఊపిరితిత్తులు, చెవులు, మామూలు చేపల్లో తేలడానికి ఉపయోగపడే గాలితిత్తి. లోతు చేపల్లో అనేకం ఆ గాలితిత్తినే వదులుకున్నాయి, కొన్ని దానిని కొవ్వుతో నింపుకొన్నాయి. వాటి లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానంగానే ఉంటాయి.

అయితే కథ అక్కడితో పూర్తి కాదు. అంత ఒత్తిడిలో శరీరంలోని మాంసకృత్తుల అణువులు తమ ఆకారం తప్పి పని చేయడం మానేస్తాయి. దానికి విరుగుడుగా ఈ చేపలు తమ కణాల్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని నిల్వ చేసుకొంటాయి. అది మాంసకృత్తుల ఆకారాన్ని పట్టి నిలుపుతుంది. చేప ఎంత లోతున ఉంటే ఆ పదార్థం అంత ఎక్కువగా ఉంటుంది.

ఈ పదార్థం మనకు కొత్తదేమీ కాదు. సముద్రపు చేపలు చచ్చిన తరువాత సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. సంతలో ఎండుచేపల గంపల దగ్గరికి వెళ్లగానే ముక్కుకు సోకే నీచు వాసన చాలావరకు అదే. మన చెరువుల్లో దొరికే కొరమేను, రాగండి వంటి మంచినీటి చేపల్లో ఆ పదార్థం చాలా తక్కువ గనుక అవి అంత ఘాటుగా వాసన రావు. చింతపండు పులుపు పడగానే ఆ వాసన తగ్గడానికి కారణం, పులుపులోని ఆమ్లం ఆ అమైన్‌తో కలిసి దాన్ని గాలిలోకి లేవని లవణంగా మార్చడం. చేపల పులుసు వండే ప్రతి అమ్మా ఈ రసాయన చర్యను రోజూ చేస్తూనే ఉంది.

చేపలు ఎంత లోతు వరకు బతకగలవు?

ఇప్పటివరకు కెమెరాకు చిక్కిన అత్యధిక లోతు 8,336 మీటర్లు. 2022 ఆగస్టులో జపాన్‌కు దక్షిణంగా ఉన్న ఇజు–ఒగసవారా కందకంలో ఒక చిన్న నత్త చేప ఆ లోతున ఈదుతూ కనిపించింది. ఆ వెంటనే జపాన్ కందకంలో 8,022 మీటర్ల లోతు నుంచి అదే కుటుంబానికి చెందిన రెండు చేపలను పైకి తీయగలిగారు. ఆస్ట్రేలియా, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఆ యాత్రకు అలన్ జేమీసన్ నాయకత్వం వహించారు.

నత్త చేప చూడటానికి ఎలా ఉంటుందో అని ఊహించుకొనే పిల్లలు ముందు పెద్ద పెద్ద కోరలు గీస్తారు. నిజానికి అది జానెడు పొడవున్న, పొలుసులు లేని, లేత గులాబీ రంగు మెత్తటి చేప. చర్మం ఎంత పలుచనంటే లోపలి కాలేయం బయటికి కనిపిస్తుంది. మరియానా కందకంలోని జాతికి 2017లో ప్రత్యేక పేరు పెట్టారు, దాని పుర్రె పూర్తిగా మూసుకొని ఉండదు, ఎముకలు కూడా గట్టిపడకుండా మృదులాస్థిలా ఉంటాయి.

ఇంకా కిందికి ఎందుకు దిగలేవన్న సంగతికి పైన చెప్పిన పదార్థమే కారణంగా భావిస్తున్నారు. దాన్ని పెంచుకొంటూ పోతే ఒకచోట చేప ఒంట్లోని ద్రవం సముద్రపు నీటికన్నా చిక్కనవుతుంది, అప్పుడు బయటి నీరు లోపలికి చొరబడుతుంది. ఆ హద్దు 8,200 నుంచి 8,400 మీటర్ల మధ్య ఉండవచ్చని 2014లోనే లెక్క కట్టారు. ఎనిమిదేళ్ల తరువాత దొరికిన దృశ్యం సరిగ్గా ఆ లెక్కలోనే పడటం మాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. 1960 జనవరి 23న త్రియెస్త్ అనే నౌకలో మరియానా కందకం అడుగుకు దిగిన జాక్ పికార్డ్, డాన్ వాల్ష్‌లు అక్కడ ఒక బల్లపరుపు చేపను చూశామని చెప్పారు గాని, ఈ లెక్క ప్రకారం అది చేప అయి ఉండదని నేటి శాస్త్రవేత్తల అభిప్రాయం.

వెలుగే లేనిచోట అవి ఏమి తిని బతుకుతాయి?

పైనుంచి రాలేది తిని బతుకుతాయి. ఉపరితలంలో చచ్చిన ప్లవకాలు, జీవుల విసర్జన, విరిగిన తునకలు అన్నీ బంకబంకగా అతుక్కొని రేకులుగా, రాత్రింబవళ్లు తెంపు లేకుండా కిందికి జారుతుంటాయి. దీనిని సముద్ర హిమం అంటారు. దారిలోనే ఎందరో దాన్ని ఏరుకొని తినేస్తారు కాబట్టి అడుగుకు చేరేది చాలా కొద్ది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అనంతపురం నుంచి వచ్చిన పెద్దలు తల ఊపుతారు. పైనుంచి పడే దానిని నమ్ముకొని, అది ఎప్పుడు పడుతుందో ఎంత పడుతుందో తెలియకుండా బతకడం అంటే ఏమిటో వేరుసెనగ వేసే మెట్టరైతుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అందుకే ఈ చేపల బతుకు తీరంతా పొదుపు మీద నడుస్తుంది. కండలు నీరుకారినట్లు వదులుగా ఉంటాయి, ఎముకలు పలుచగా ఉంటాయి, అనవసరంగా ఈదడం ఉండదు. దొరికినప్పుడు మాత్రం వదిలిపెట్టకూడదు కాబట్టి నోళ్లు పెద్దవి. నల్ల మింగుడు చేప అనదగిన కియాస్మోడాన్ తనకన్నా పొడవైన చేపను సైతం మింగి, పొట్టను బుడగలా సాగదీసుకొని, నెమ్మదిగా అరిగించుకొంటుంది. చచ్చిన తిమింగలం ఒకటి అడుగుకు చేరితే అది అనేక జాతుల జీవులకు ఏళ్ల తరబడి తిండి పెడుతుంది.

మరికొన్ని చేపలు ఎదురుచూడకుండా తామే పైకి వెళతాయి. వేలంత పొడవుండే లాంతరు చేపలు సాయంత్రం చీకటి పడగానే వందల మీటర్లు ఈది పైకి వచ్చి ప్లవకాలను మేసి, తెల్లవారేలోగా మళ్లీ లోతుకు దిగిపోతాయి. రొయ్యలు, జెల్లీ జీవులు కూడా వాటితో కదులుతాయి. బరువు లెక్కన చూస్తే భూమి మీద ప్రతిరోజూ జరిగే అతిపెద్ద వలస ఇది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాములను వెతకడానికి శబ్దతరంగాలు పంపిన నౌకలకు సముద్రపు అడుగు పగలు ఒకచోట, రాత్రి మరొకచోట ఉన్నట్లు తోచింది. ఆ కదిలే అడుగు ఈ జీవుల గుంపేనని తరువాత తేలింది.

చీకట్లో కళ్లెందుకు? ఒంటి మీద దీపాలెందుకు?

అక్కడ సూర్యుడు లేడు గాని వెలుగు ఉంది. కాలిఫోర్నియా తీరంలో ఏళ్ల తరబడి తీసిన వీడియోలను లెక్కించి 2017లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, నడిమి నీటిలో కనిపించిన జీవుల్లో ప్రతి నాలుగింటిలో దాదాపు మూడు సొంతంగా వెలుగునిచ్చేవే. మన పొలాల్లో మిణుగురు పురుగు చేసే పనినే ఇవి సముద్రంలో చేస్తాయి, కాకపోతే ఎక్కువగా నీలి రంగులో. నీటిలో ఎక్కువ దూరం ప్రయాణించగలిగేది నీలి వెలుగే.

ఎర్ర వెలుగు కొన్ని పదుల మీటర్లలోనే ఇంకిపోతుంది. కాబట్టి లోతున ఎర్రటి జీవి నల్లగా, అంటే కనబడకుండా ఉంటుంది. దీనిని ఇంట్లోనే చూడవచ్చు: గది చీకటి చేసి, టార్చి మీద నీలం గాజుకాగితం రెండు మూడు మడతలు వేసి, ఎర్ర గాజులూ తెల్ల గాజులూ పక్కపక్కన పెట్టి వెలుగు వేయండి. ఎర్ర గాజులు బొగ్గులా మారిపోవడం చూసి ఒక ఆరో తరగతి పాప గాజులు మార్చేశారేమోనని టార్చి ఆర్పించి మళ్లీ చూసుకొంది.

ఈ కిటుకును మించిన చేప ఒకటుంది. మాలకోస్టియస్ అనే ఆ చేప కంటి కింద ఎర్ర దీపం ఉంటుంది, ఆ ఎర్ర వెలుగును చూసే శక్తి కూడా దానికుంది. ఎదుటి జీవికి తన మీద వెలుగు పడుతున్నదని కూడా తెలియదు. కొన్ని చేపలు పొట్ట కింద చిన్న దీపాల వరుస వెలిగించుకొని, పైనుంచి వచ్చే మసక వెలుగుతో సరిగ్గా కలిసిపోతాయి, అప్పుడు కిందనున్న శత్రువుకు వాటి నీడ కనిపించదు. మరికొన్ని తమ మీద పడిన వెలుగును పూర్తిగా మింగేస్తాయి: 2020లో పరీక్షించిన 16 జాతుల చర్మం తన మీద పడిన కాంతిలో 99.5 శాతానికి పైగా పీల్చుకొంది. ఎంత మంచి కెమెరాతో ఫొటో తీసినా అవి నల్లటి నీడలాగానే పడటం వల్లనే శాస్త్రవేత్తలు ఈ సంగతి గమనించారు.

కళ్ల విషయంలో మాక్రోపిన్నా చేపను మరిచిపోలేము. దాని తల పైభాగం గాజు డిప్పలా పారదర్శకంగా ఉంటుంది, లోపల రెండు ఆకుపచ్చ గొట్టాల్లాంటి కళ్లుంటాయి. 1939 నుంచి ఈ జాతి తెలిసినదే అయినా, వలల్లో పైకి వచ్చేటప్పుడు ఆ పలుచని డిప్ప చిరిగిపోయేది గనుక పాత బొమ్మల్లో అది లేనే లేదు. బతికిన చేపను నీటిలోనే చూసిన తరువాతనే ఆ డిప్ప సంగతీ, లోపల కళ్లు పైకీ ముందుకూ తిరుగుతాయన్న సంగతీ 2008లో బయటపడ్డాయి. జీవిని దాని చోట చూడకపోతే ఎంత పొరబడతామో చెప్పడానికి మేము వాడే ఉదాహరణ ఇదే.

మగ చేప ఆడ చేప ఒంటికి అతుక్కుపోవడం నిజమేనా?

నిజమే, కాని అన్ని గాలం చేపల్లోనూ కాదు. యాంగ్లర్ అని పిలిచే ఈ చేపల్లో ఆడదాని నుదుటి మీద గాలంకర్రలా ఒక కాడ, దాని కొసన వెలిగే బుడిపె ఉంటాయి. ఆ వెలుగు చాలా జాతుల్లో అందులో కాపురమున్న బాక్టీరియాది. మగది ఆడదానితో పోలిస్తే చాలా చిన్నది. సెరేషియస్ జాతిలో ఆడది మీటరు దాటి పెరిగితే, మగది కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది. 1922లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్త బ్యార్ని సేముండ్సన్ ఒక పెద్ద చేపకు రెండు చిన్న చేపలు అతుక్కొని ఉండటం చూసి అవి పిల్లలనుకొన్నారు. 1925లో చార్లెస్ టేట్ రీగన్ అలాంటి చిన్న చేపనే కోసి చూసి, అది పూర్తిగా ఎదిగిన మగ చేప అని తేల్చారు.

విశాలమైన చీకటిలో జతను వెతకడం దాదాపు అసాధ్యం గనుక, ఒకసారి దొరికిన ఆడదాన్ని మగది పళ్లతో పట్టుకొంటుంది. కొన్ని జాతుల్లో చర్మమూ రక్తనాళాలూ కలిసిపోయి అది జీవితాంతం అక్కడే ఉంటుంది. మనుషుల్లో ఇతరుల అవయవం అమరిస్తే శరీరం దాన్ని తిరస్కరిస్తుంది కదా, మరి వీటిలో ఎందుకు తిరస్కరించదని ఒక నర్సింగ్ విద్యార్థిని అడిగింది. చాలా మంచి ప్రశ్న. 2020లో వాటి జన్యువులను చూసినప్పుడు, తిరస్కరణకు కారణమయ్యే రోగనిరోధక జన్యువుల్లో ముఖ్యమైనవి ఈ జాతుల్లో లోపించాయని తెలిసింది. అవి లేకుండా జబ్బుల నుంచి ఎలా తట్టుకొంటాయన్నది అవయవ మార్పిడి వైద్యులకూ ఆసక్తి కలిగించే విషయం.

వీడియోల్లో చూపినట్లు అవి రాకాసి చేపలా?

చాలావరకు కావు. అత్యధికం అరచేతిలో ఇమిడేవే. ప్రపంచంలో వెన్నెముక ఉన్న జీవులన్నిటిలో సంఖ్యలో ఎక్కువైనదిగా భావించే సైక్లోథోన్ చేప మన చిటికెన వేలంత. అందవికారానికి పేరుపడ్డ బ్లాబ్ చేప గురించి తప్పకుండా చెప్పాలి: ఫోన్లలో తిరిగే ఆ జావగారిన ముఖం, వందల మీటర్ల లోతు నుంచి వలలో పైకి లాగిన తరువాత పాడైన శరీరానిది. దాని చోట అది మామూలు చేప ఆకారంలోనే ఉంటుంది. ఒక జీవి ప్రాణం పోయిన ముఖాన్ని చూపి నవ్వడం మాకు నచ్చదు, పిల్లలకు కూడా అలాగే చెబుతున్నాము.

ఇంట్లో తొట్టెలో పెంచుకోవచ్చా?

కుదరదు. చల్లదనం, చీకటి, ఒత్తిడి మూడూ కావాలి. ఆ పేరుతో అమ్మజూపేవి వేరే చేపలు.

మన సంతలో ఇవి అమ్ముతారా?

కడపకూ కర్నూలుకూ వచ్చే నెత్తళ్లు, ఇతర ఎండుచేపలు తీరానికి దగ్గరి నిస్సార జలాల్లో పట్టినవే. కొన్ని దేశాల్లో లోతు చేపలను తినడానికి పడతారు, దాని ఫలితం బాధ కలిగించేది. ఆరెంజ్ రఫీ అనే చేప 200 ఏళ్లకు పైగా బతకగలదు, గుడ్లు పెట్టే వయసు రావడానికే ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. 1970ల చివరి నుంచి న్యూజిలాండ్ పరిసరాల్లో దాన్ని విరివిగా పట్టారు, కొన్నేళ్లలోనే నిల్వలు కూలిపోయాయి. నిదానంగా పెరిగే జీవిని ఏటేటా కోసే పంటలా చూడటమే అక్కడ జరిగిన పొరపాటు.

కడప బండల్లో సముద్రపు చేపల శిలాజాలు దొరుకుతాయా?

దొరకవు, కాని ప్రశ్న సరైన దిక్కులోనే ఉంది. మన ప్రాంతం ఒకప్పుడు నిజంగానే సముద్రం కింద ఉండేది. ఇళ్లలో పరిచే నల్ల బండలూ, బేతంచెర్ల నాపరాళ్లూ ఆ నీటి అడుగున పేరుకొన్న సున్నపు మడ్డి గట్టిపడి ఏర్పడినవే. అయితే వేంపల్లె ప్రాంతపు రాళ్లు సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటివి. చేపలు పుట్టి యాభై కోట్ల సంవత్సరాల పైచిలుకు మాత్రమే అయింది. ఆ రాళ్లలో కనిపించే ఉల్లిపొరల వంటి గుండ్రటి గీతలు స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకొని మిగిల్చిన గుర్తులు. అవి పెరగడానికి ఎండ కావాలి, కాబట్టి ఆ కడప సముద్రం లోతైనది కాదు.

తెలుగు నేలకు దగ్గరలో దొరికిన ఒక పాత చేపను మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. ప్రాణహిత–గోదావరి లోయలోని ‘కోట’ అని పేరుపెట్టిన రాతిపొరల్లో సీలకాంత్ అనే పురాతన చేపల కుటుంబానికి చెందిన అవశేషాలు దొరికాయి, అవి డైనోసార్ల కాలానివి. ఆ కుటుంబం మొత్తం డైనోసార్లతోపాటే అంతరించిందని అనుకొనేవారు. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరంలో ఒక పడవ వలలో బతికిన సీలకాంత్ పడింది. చిన్న మ్యూజియంలో పనిచేసే మార్జొరీ కోర్టనే లాటిమర్ ఆ చేపల కుప్పలో నీలి రెక్కను చూసి దాన్ని కాపాడారు. ఆమె అంత శ్రద్ధగా చూడకపోయి ఉంటే అది కుళ్లిపోయేది.

మన దేశంలో వీటి మీద పరిశోధన జరుగుతున్నదా?

చాలా కాలంగా జరుగుతున్నది. బంగాళాఖాతం సగటు లోతే సుమారు 2,600 మీటర్లు, అంటే మన పెన్న వెళ్లి కలిసే సముద్రంలోనే ఈ చేపలున్నాయి. బ్రిటిష్ కాలంలో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌకలో వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన ఆల్కాక్ బంగాళాఖాతం, అరేబియా సముద్రాల నుంచి తీసిన లోతు చేపలను వర్ణించి 1899లో పట్టిక ప్రచురించారు. నేడు కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం సాగర్ సంపద నౌకతో ఆ పని కొనసాగిస్తున్నది. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ కింద చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మత్స్య 6000 అనే వాహనాన్ని తయారు చేస్తున్నది. ముగ్గురు మనుషులు 2.1 మీటర్ల వ్యాసమున్న టైటానియం గోళంలో కూర్చొని 6,000 మీటర్ల లోతుకు దిగాలన్నది లక్ష్యం. దానికి సన్నాహంగా 2025 ఆగస్టులో ఇద్దరు భారతీయులు ఫ్రాన్స్ వారి నాటైల్ వాహనంలో అట్లాంటిక్‌లో దిగారు, వారిలో ఒకరు 5,000 మీటర్లు దాటారు.

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఈ రంగంలోకి ఎలా వెళ్లాలి?

రెండు దారులున్నాయి. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలిచే ఈఏపీసెట్ రాసి మత్స్యశాస్త్ర డిగ్రీలో చేరవచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఆ కళాశాల ఉంది. లేదా జంతుశాస్త్రం ఉన్న బీఎస్సీ చేసి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనో సముద్ర జీవశాస్త్రానికి సంబంధించిన పీజీ చదవవచ్చు. జీవశాస్త్రం ఒక్కటే చాలదు, రసాయనశాస్త్రమూ గణాంకాలూ వదిలిపెట్టవద్దు. పైన చెప్పిన 8,200 మీటర్ల హద్దును పట్టుకొన్నది చేప కండలోని రసాయనాన్ని కొలిచినవారే. చదువు మొదలయ్యేలోగా ఒక సెలవు రోజున మైపాడు తీరానికి తీసుకెళ్లి, పడవల నుంచి దించిన వలల్లో ఏ చేప ఏ లోతుదో అక్కడి బెస్తవారిని అడిగి రాసుకోమనండి.